వాళ్ళింకా తొవ్వలనే ఉన్నరు

మా ఆఫీసులో 'ఎపిఫనీ' అన్న ఇంగ్లిష్ మాట నెలకోసారైనా వినిపిస్తుంది. మూడు రోజులుగా దొరకని బగ్ రాత్రి అన్నం తింటుంటే తట్టిందనుకోండి, మర్నాడు పొద్దున మీటింగ్‌లో "నిన్న నాకో ఎపిఫనీ అయింది" అంటారు. చీకటి గదిలో స్విచ్ వేసినట్టు ఒక్క క్షణంలో అంతా తెలిసిపోవడం అని దాని భావం. సినిమాల్లో హీరోకి ఇంటర్వెల్ ముందు తట్టినట్టన్నమాట.

ఈ మాట చర్చి నుంచి వచ్చిందని చాలామందికి తెలియదు. గ్రీకులో 'ఎపిఫనేయా' అంటే కనబడటం, ప్రత్యక్షం కావడం. జనవరి 6న వచ్చే పండుగ ఇది. తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రాన్ని చూసుకుంటూ బేత్లెహేముకు వచ్చి పసివాడైన యేసును చూసిన రోజుగా దీన్ని చేసుకుంటారు. మన తెలుగులో సీఎస్ఐ వాళ్ళు ప్రత్యక్షత పండుగ అంటారు, కథోలికులు సాక్షాత్కార పండుగ అంటారు, మామూలుగా ముగ్గురు రాజుల పండుగ అనేవాళ్ళూ ఉన్నారు. పాత సంప్రదాయం పాటించే సంఘాల్లో ఇది ఒక్కరోజుతో అయిపోదు. అక్కడినుంచి శ్రమదినాలు మొదలయ్యే భస్మ బుధవారం దాకా, కొన్ని వారాలపాటు, ప్రత్యక్షతా కాలం అనే లెక్క.

నేను పుట్టి పెరిగిన నందికొండలో ఈ పండుగ పేరు ఎత్తేవాళ్ళు తక్కువ. నల్లగొండ జిల్లాలో క్రైస్తవం ఎక్కువగా బాప్టిస్టుల చేతుల మీదుగా వచ్చింది. రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ మిషనరీ అబ్రహాం ఫ్రీజన్ 1890 ప్రాంతంలో నల్లగొండలో పని మొదలుపెట్టింది కూడా అమెరికన్ బాప్టిస్టుల తరఫునే. బాప్టిస్టులకు పండుగల క్యాలెండర్ మీద పెద్దగా గురి ఉండదు. క్రిస్మస్, డిసెంబర్ 31 రాత్రి ఆరాధన, గుడ్ ఫ్రైడే, ఈస్టర్, అంతే. ఇప్పుడైతే డిసెంబర్ ఒకటి నుంచే సెమీ క్రిస్మస్‌లు, సౌండ్ బాక్సులు, బిర్యానీలు మొదలై, 26 పొద్దునకి అందరూ అలసిపోయి పడుకుంటారు. కొత్త సంవత్సరం తెల్లారిందో లేదో స్టార్లు దిగిపోతాయి.

మా ఇంటి స్టార్ తప్ప.

మా నాన్న పుట్టింది సాగర్‌లోనే అయినా ఆయన మూలాలు డోర్నకల్ వైపు. మా తాత సాగర్ డ్యామ్ కట్టేటప్పుడు రాయి పనికి వచ్చాడు. అప్పట్లో దీన్ని నందికొండ ప్రాజెక్టు అనేవాళ్ళు. ఊరి పేరే ప్రాజెక్టు పేరు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. మధ్యలోని ఆ పన్నెండేళ్ళు తాతలాంటి వాళ్ళు ఎంతమంది నెత్తిన రాళ్ళు మోశారో! పని అయిపోయాక కొందరు వెళ్ళిపోయారు, కొందరు ఇక్కడే ఉండిపోయారు. తాత ఉండిపోయాడు. వస్తూ వస్తూ డోర్నకల్ నుంచి ఆయన తెచ్చుకున్న ఆస్తి ఏమన్నా ఉందంటే, అది జనవరి 6 అన్న తేదీ.

నాన్న పవర్‌హౌస్‌లో ఎలక్ట్రీషియన్. ఎనిమిది యూనిట్ల జలవిద్యుత్ కేంద్రంలో పనిచేసే మనిషి మా హిల్ కాలనీ క్వార్టర్ మీద కట్టే స్టార్‌కు మాత్రం నలభై వాట్ల బల్బు ఒక్కటే పెట్టేవాడు. వెదురు బద్దలతో చట్రం, ఎర్ర రంగు గాజు కాగితం, కింద కుచ్చు తోకలు. కొన్న స్టార్ ఎన్నడూ కట్టలేదు. జనవరి రెండో తేదీకి వీధిలో మాదొక్కటే మిగిలేది. బడికి పోతుంటే స్నేహితులు నవ్వేవాళ్ళు, "మీ ఇంట్ల ఇంకా క్రిస్మస్ అయిపోలేదారా?" అని. ఒకసారి ఏడుపు మొహంతో వచ్చి తీసెయ్యమని గొడవ చేశాను. నాన్న అప్పుడు కరెంటు టేపు చుడుతూ తలెత్తకుండా అన్న మాట ఇది: "వాళ్ళింకా తొవ్వలనే ఉన్నరు బిడ్డా. అప్పుడే దీపం ఆర్పుతమా?"

వాళ్ళు అంటే జ్ఞానులు. ఆరో తారీఖు రాత్రి వాళ్ళు చేరుకుంటారు, ఆ తర్వాతే స్టార్ దించాలి. నాన్నకు అంతకు మించిన వేదాంతం ఏమీ తెలియదు. నిజానికి ఆయన మాటలు తక్కువ మనిషి. ప్రార్థన కూడా నాలుగు వాక్యాల్లో ముగించేవాడు.

2020లో లాక్‌డౌన్ వల్ల నేను ఇంటినుంచే పనిచేస్తున్నాను. ఇంజనీరింగ్ అయి ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు. ఆ డిసెంబర్ 21న గురుడు, శని గ్రహాలు ఆకాశంలో బాగా దగ్గరకొచ్చాయి. మీలో చాలామంది చూసే ఉంటారు. రెంటికీ మధ్య ఎడం డిగ్రీలో పదో వంతు, అంటే నిండు చందమామ వెడల్పులో ఐదో వంతు. అంత దగ్గరగా రావడం 1623 తర్వాత అదే మొదటిసారి. పేపర్లలో 'బేత్లెహేము నక్షత్రం' అని రాశారు. అలా రాయడానికి కారణం జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్. క్రీస్తు పూర్వం 7లో ఇవే రెండు గ్రహాలు దగ్గరకొచ్చాయని ఆయన లెక్కగట్టాడు. జ్ఞానులు చూసింది అదేనా అన్నది తేలే విషయం కాదు, తేలాల్సిన అవసరమూ నాకు కనిపించదు.

పొద్దు గూకాక నాన్న, నేను జలాశయం కనిపించే చోటికి నడిచి వెళ్ళాం. నీళ్ళ మీద ఇంకా కొంచెం ఎరుపు ఉంది. నైరుతి వైపు కిందికి ఒకే చుక్కలా వెలుగుతోంది. నేను ఫోన్‌లోని యాప్ తీసి ఏది గురుడో ఏది శనో చూపించబోయాను. నాన్న ఫోన్ చూడలేదు. చాలాసేపు ఆకాశమే చూసి, "దీన్ని చూసుకుంట ఎవరన్న ఇల్లు ఇడిచిపెట్టి పోతరా?" అన్నాడు. కాసేపాగి తనే, "పోతరు. మా నాయిన వచ్చిండు గదా, డ్యామ్ కడ్తున్నరంటే" అన్నాడు. ఆ రోజు ఇద్దరం మాట్లాడుకున్నది అంతే.

సరిగ్గా సంవత్సరానికి, 2021 డిసెంబర్‌లో, క్రిస్మస్‌కు ఆరు రోజుల ముందు నాన్న పోయాడు. గుండె. సాగర్ నుంచి హైదరాబాద్‌కు తీసుకెళ్ళాం. రెండు రోజులున్నాడు. తిరుగు ప్రయాణం అంబులెన్సులో, రాత్రి పూట, మాల్, మల్లేపల్లి, పెద్దవూర మీదుగా. ఆ రాత్రి గురించి ఇంతకన్నా రాయలేను.

డిసెంబర్ మొదటి వారంలో ఆయనే కట్టిన స్టార్ ఇంటిమీద అట్లాగే ఉంది. ఎవరూ స్విచ్ వెయ్యలేదు. దించడానికీ ఎవరికీ చేతులు రాలేదు. క్రిస్మస్ రోజు కాలనీ అంతా వెలుగుతోంది. పాటల వాళ్ళు మా వీధి మొదట్లోకి వచ్చి, మా ఇంటి విషయం ఎవరో చెప్పినట్టున్నారు, డప్పు ఆపి మెల్లగా దాటిపోయారు. వాళ్ళది మర్యాదే. కానీ అమ్మ లోపల కూర్చుని, ఆగిపోయిన ఆ డప్పు విన్నది. దుఃఖంలో ఉన్న ఇంటికి క్రిస్మస్ అంత కష్టమైన పండుగ ఇంకోటి లేదనిపించింది నాకు. ఆ రోజు సంతోషంగా ఉండాలన్నది ఒక డెడ్‌లైన్. ఉండలేనివాళ్ళు తలుపేసుకోవాలి.

మళ్ళీ పనిలో చేరింది జనవరి మొదటి వారంలో. మా క్లయింట్ మ్యూనిక్‌లో ఉంటాడు. గురువారం, ఆరో తేదీ, ఏదో అప్రూవల్ కోసం మెయిల్ పెడితే ఆటోమేటిక్ జవాబు వచ్చింది: ఈరోజు 'హైలిగె డ్రై కోనిగె', సెలవు. ముగ్గురు పవిత్ర రాజులు అని అర్థం. జర్మనీ మొత్తానికి కాదు, బవేరియాతో కలిపి మూడు రాష్ట్రాలకే ఈ సెలవు. నేను ల్యాప్‌టాప్ ముందు అట్లాగే కూర్చుండిపోయాను. ఎక్కడి మ్యూనిక్, ఎక్కడి హిల్ కాలనీ క్వార్టర్! మా నాన్న తేదీ వాళ్ళ ఆఫీసు క్యాలెండర్‌లో ఎర్రగా ఉంది.

అమ్మకు చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. సాయంత్రం ఆరున్నరకు వరండాలోకి వెళ్ళి స్టార్ స్విచ్ వేసింది.

"సంవత్సరం ఎల్లలేదు గదనే, దీపాలు పెడతరా?" అని పక్కింటి పెద్దమ్మ గోడ మీదినుంచి అడిగింది. "పండుగ కాదక్కా. వాళ్ళొచ్చే రోజు గదా, తొవ్వ కనబడాలె" అంది అమ్మ. పెద్దమ్మకు అర్థమైందో లేదో తెలియదు. కాసేపటికి గిన్నెలో పులిహోర పట్టుకుని వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. చనిపోయిన ఇంటికి పులిహోర తేవచ్చా అన్న సందేహం ఆమెకు వచ్చినట్టు లేదు.

ఆ రాత్రి మత్తయి సువార్త రెండో అధ్యాయాన్ని నెమ్మదిగా చదివాను. చిన్నప్పుడు క్రిస్మస్ నాటకంలో జ్ఞానుల వేషం కట్టినవాణ్ణి. టర్కీ టవల్ తలపాగా, గోల్డ్ కాగితం చుట్టిన ఖాళీ హార్లిక్స్ డబ్బా. అందుకే ఆ కథ నాకు కంఠతా వచ్చనే అనుకునేవాణ్ణి. చదువుతుంటే నాటకంలో లేనివి కనిపించాయి. ముగ్గురని అక్కడ లేదు. కానుకలు మూడు కాబట్టి మనుషులూ ముగ్గురే అనుకున్నారు. రాజులని లేదు. కాస్పర్, మెల్కియోర్, బాల్తజార్ అన్న పేర్లు తర్వాతి కాలపువి. పశువుల పాకలోకి కాదు, ఇంట్లోకి వచ్చారని ఉంది. హేరోదు రెండేళ్ళలోపు పిల్లల్ని చంపించాడు, అదీ జ్ఞానులు చెప్పిన కాలాన్ని లెక్కగట్టి. అంటే వాళ్ళు గొర్రెల కాపరులతో పాటు ఆ రాత్రే చేరుకున్నవాళ్ళు కాదు, నెలల తర్వాతో ఇంకా ఎక్కువ కాలానికో వచ్చినవాళ్ళు. పాటలు, దేవదూతలు, హడావుడి అంతా అయిపోయాక.

ఇంకోటి. నక్షత్రం వాళ్ళకు జీపీఎస్ లాగా పనిచెయ్యలేదు. ముందు తప్పు అడ్రసుకు, యెరూషలేముకు వెళ్ళారు. అక్కడ దారి అడిగారు. శాస్త్రులు గ్రంథం తిరగేసి బేత్లెహేము అని ఠక్కున చెప్పేశారు. యెరూషలేము నుంచి బేత్లెహేము పది కిలోమీటర్లు కూడా ఉండదు. జవాబు తెలిసినవాళ్ళలో ఒక్కరూ కదిలినట్టు లేదు. సగం సమాచారంతో, పరదేశం నుంచి వచ్చినవాళ్ళే మిగతా దూరం నడిచారు. మా వృత్తిలో డాక్యుమెంటేషన్ అంతా చదివేసి ఒక్క లైను కోడ్ రాయనివాళ్ళు గుర్తొచ్చి నవ్వొచ్చింది. నాన్న పోయాక నవ్వడం అదే మొదటిసారి అనుకుంటా.

కానుకల దగ్గర మాత్రం ఆగిపోయాను. బంగారం, సాంబ్రాణి, బోళం. సాంబ్రాణి మన ఇళ్ళల్లో తెలిసిందే, పసిపిల్లలకు తలంటి పొగ వేస్తాం. బోళం అంటే మా అమ్మమ్మ లెక్కలో బాలింతలకు పెట్టే చేదు మందు. పిన్ని కానుపప్పుడు ఆ పేరు వింటూ పెరిగాను. అందుకే మరియమ్మకు బోళం తెచ్చారంటే చిన్నప్పుడు నాకు వింతగా ఏమీ అనిపించలేదు. బాలింత ఇంటికి ఎవరైనా తెస్తారు కదా! కానీ ఆ కాలంలో బోళం శవానికి పూసే ద్రవ్యం కూడా. యోహాను సువార్తలో యేసును సమాధి చేసేటప్పుడు నికోదేము బోళం తెచ్చాడని ఉంది. పుట్టిన ఇంటికి, చావు వాసన తెలిసిన వస్తువు మోసుకొచ్చినా ఎవరూ వాళ్ళను గడప బయట నిలబెట్టలేదు. మా ఇంట్లో ఆ జనవరిలో ఉన్నది కూడా బోళమే. ఈ పండుగకు దాన్ని పట్టుకుని వెళ్ళవచ్చు. క్రిస్మస్ నాకు ఇవ్వలేని వీలు ఇది.

అక్కడినుంచి భస్మ బుధవారం, ఆ సంవత్సరం మార్చి 2, దాకా మా ఇంట్లో జరిగిన పనులు ఏమీ ఆధ్యాత్మికమైనవి కావు. డెత్ సర్టిఫికెట్ కాపీలు, ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు, బ్యాంకులో నామినీ మార్పులు, క్వార్టర్ ఖాళీ చేసి పైలాన్ కాలనీలో అద్దె ఇంటికి మారడం. శనివారం రాత్రి హైదరాబాద్‌లో బస్సెక్కడం, ఆదివారం రాత్రి తిరుగు బస్సు. కానీ ఆ వారాల్లో ఇంకోటి కూడా జరిగింది. నాన్న గురించి మాకు తెలియనివి ఒక్కొక్కటే బయటికి రావడం మొదలైంది.

జనవరి మధ్యలో ఒక కుర్రాడు వచ్చి వరండాలో నిలబడ్డాడు. పాలిటెక్నిక్ పరీక్ష ఫీజు రెండేళ్ళు నాన్నే కట్టాడట. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దన్నాడట. ఇంకో ఆదివారం నాన్నతో పనిచేసిన ఒకాయన టీ తాగుతూ మామూలుగా అన్నాడు: "మీ నాయినకు ఎత్తంటే భయముండె గదా. పైకెక్కే పని వస్తే వేరేటోళ్ళతోటి డ్యూటీ మార్చుకునేటోడు." అమ్మ, నేను మొహాలు చూసుకున్నాం. ఇరవై ఏళ్ళకు పైగా ప్రతి డిసెంబర్ నిచ్చెన ఎక్కి స్టార్ కట్టిన మనిషి! నిచ్చెన పట్టుకోవడానికి నన్ను ఎందుకు పిలిచేవాడో, నేను కదిలితే ఎందుకంత గట్టిగా అరిచేవాడో ఆ సాయంత్రం తెలిసింది. ఇల్లు మారుతుంటే ట్రంకుపెట్టె అడుగున ఒక పాత కీర్తనల పుస్తకం దొరికింది. మొదటి పేజీలో తాత చేతిరాతతో డోర్నకల్ అని, కింద ఒక సంవత్సరం.

పాత సంఘాల్లో ప్రత్యక్షతా కాలం ఆదివారాలకు ఒక క్రమం ఉంటుందని తర్వాత తెలుసుకున్నాను. జ్ఞానుల రాక, యొర్దానులో బాప్తిస్మం, కానాలో పెళ్ళి. తూర్పు సంఘాలైతే జనవరిలో జ్ఞానుల కంటే బాప్తిస్మాన్నే ముఖ్యంగా తలుచుకుంటాయి. యేసు వీటిలో ఎక్కడా కొత్తగా పుట్టడు. ఉన్నవాడే ఒక్కో వారం కొంచెం కొంచెం కనిపిస్తాడు, అదీ వేరేవాళ్ళ కళ్ళతో. పరదేశులు చెబితే ఒకటి తెలుస్తుంది, నదిలో నిలబడ్డ యోహాను చెబితే ఇంకోటి, పెళ్ళింట్లో నీళ్ళు తోడిన పనివాళ్ళ వల్ల మరొకటి. నాన్న కూడా నాకు అట్లాగే తెలిశాడు. బతికుండగా ఒకే ఇంట్లో ఇన్నేళ్ళున్నా కనిపించనివి, పోయాక ఎనిమిది వారాల్లో, ఎవరెవరి నోటినుంచో కనిపించాయి. ఎపిఫనీ అంటే స్విచ్ వేసినట్టు అని ఆఫీసులో ఎవరైనా అంటే నేనిప్పుడు ఊరుకుంటాను గానీ, ఒప్పుకోను.

మరుసటి సంవత్సరం, 2023 జనవరి 6, శుక్రవారం, సెలవు పెట్టి అమ్మను తీసుకుని డోర్నకల్ వెళ్ళాను. సికింద్రాబాద్ నుంచి విజయవాడ లైన్లో కాజీపేట, వరంగల్, మహబూబాబాద్ దాటాక వస్తుంది. కొత్తగూడెం వైపు లైన్ అక్కడే విడిపోతుంది. అక్కడి కెథెడ్రల్ పేరే ఎపిఫనీ కెథెడ్రల్. 1939లో ఇదే తేదీన, జనవరి 6న, దాన్ని ప్రతిష్ఠించారు. కట్టించింది బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. నిజాం రాజ్యంలోని ఈ మూలకు మిషనరీగా వచ్చాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు; ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. అంతకు రెండేళ్ళ ముందు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో తెల్ల మిషనరీల ముఖం మీదే, మీరు మాకు చాలా ఇచ్చారు గానీ ఇక స్నేహం ఇవ్వండి అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. 1945 జనవరి 1న పోయాడు, ప్రత్యక్షత పండుగకు ఐదు రోజుల ముందు.

గుడి చూస్తే మొదట తికమక పడతారు. గుమ్మటాలు, మినార్లు చూస్తే మసీదు గుర్తొస్తుంది. లోపలి రాతి స్తంభాల వరుస మన దేవాలయ మండపంలా ఉంటుంది. పైన సిలువ. చర్చి అంటే ఇంగ్లండ్ నుంచి ఊడబెరికి తెచ్చి నాటినట్టు ఉండకూడదన్నది అజరయ్య పట్టుదల. అన్యజనులకు క్రీస్తు కనిపించిన పండుగ పేరు పెట్టుకున్న గుడి, ఈ నేల మనుషులకు పరిచయమైన రూపంలోనే కనిపించాలి కదా. నాకైతే ఆ గుడి ఏ ప్రసంగం కన్నా బాగా మాట్లాడుతుంది.

అమ్మ ఒక స్తంభానికి ఆనుకుని చాలాసేపు కూర్చుంది. పుట్టుకతో బాప్టిస్టు, సాగర్ నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకున్న మనిషి. పుస్తకం చూసి చదివే ప్రార్థనలంటే ఆమెకు అంత నమ్మకం లేదు. "మీ నాయిన ఇండ్లకెళ్ళే తెచ్చిండు అన్నీ" అంది చివరికి. మెచ్చుకున్నట్టా, దెప్పినట్టా అన్నది నేను అడగలేదు.

ఆ తర్వాత మ్యూనిక్ సహోద్యోగితో ఒకసారి ఈ సంగతి వచ్చింది. వాళ్ళ దగ్గర ఈ రోజుల్లో పిల్లలు కిరీటాలు పెట్టుకుని, కర్రకు నక్షత్రం కట్టుకుని, పాటలు పాడుతూ ఇంటింటికీ తిరుగుతారట. బీద పిల్లల కోసం డబ్బులు పోగు చేస్తారు. 1959 నుంచి దేశమంతటా ఒక పద్ధతిగా జరుగుతోంది. వెళ్ళేముందు సుద్దముక్కతో గడప పైన సంవత్సరం అంకెలు, మధ్యలో సి, ఎం, బి అన్న అక్షరాలు రాస్తారు. క్రీస్తు ఈ ఇంటిని దీవించుగాక అన్న లాటిన్ మాటలకు అవి మొదటి అక్షరాలు. ఇదంతా ఎంతో వింతగా ఉంటుందన్నట్టు ఆమె చెబుతుంటే నాకు నవ్వాగలేదు. అవే రోజుల్లో మా వీధిలో గంగిరెద్దులవాళ్ళు తిరుగుతుంటారు, గడప ముందు తెల్లటి ముగ్గులుంటాయి అని ఫొటో పంపాను. కేరళలో ఇరింజాలకుడ వైపు క్రైస్తవులు ఇదే పండుగకు ఇంటి ముందు అరటిబోదె పాతి దీపాలు గుచ్చుతారు. చలికాలం చివర్లో గడపకు ఏదో ఒక గుర్తు పెట్టకుండా మనుషులు ఉండలేరేమో.

నందికొండ విషయం కూడా అంతే. మేము ఈదులాడిన నీళ్ళ కింద ఇక్ష్వాకుల విజయపురి ఉంది. నాగార్జునకొండ శాసనాల్లో కాశ్మీరం, గాంధారం, చైనా, సింహళం పేర్లు కనిపిస్తాయి. సింహళ భిక్షువుల కోసం ప్రత్యేకంగా ఒక విహారమే ఉండేది. పదిహేడు వందల ఏళ్ళ కిందటే దూరదేశాల వాళ్ళు దేన్నో వెతుక్కుంటూ వచ్చిన చోటు ఇది. తర్వాత మా తాత వచ్చాడు.

జ్ఞానుల కథ చివర్లో వాళ్ళు వచ్చిన దారిన కాకుండా వేరే దారిన తమ దేశానికి వెళ్ళిపోతారు. హేరోదు భయం వల్ల. ఈ మాటకు నా లెక్కలో వేరే అర్థం ఉంది. ఆ అంబులెన్సు రాత్రి తర్వాత నేను మాల్ రోడ్డు మీదుగా ఇంటికి పోలేదు. నార్కట్‌పల్లి, నల్లగొండ, హాలియా మీదుగా చుట్టు తిరిగి పోతాను. సమయం ఎక్కువ పడుతుంది. అమ్మకు తెలుసు, ఏమీ అనదు. అందరికీ ట్రాఫిక్ అని చెబుతాను.

ఇప్పుడు స్టార్ పైలాన్ కాలనీ అద్దె ఇంటిమీద ఉంటుంది. చట్రం నాన్న చేసిందే, కాగితం మాత్రం ప్రతి ఏడూ మారుస్తాం. పోయినసారి ఆరో తేదీ రాత్రి దించి పాత పేపర్లో చుడుతుంటే ఒక వెదురు బద్ద విరిగింది. కొత్తది వేయాలి. మొన్న ఫోన్‌లో అమ్మ ఆ విషయమే ఎత్తింది. మాల్ అంగట్లో మంచి బద్దలు దొరుకుతాయని ఎవరో చెప్పారట.

"ఒచ్చేటప్పుడు దిగి తీసుకరారాదు బిడ్డా" అంది.

చూస్తా అన్నాను.